మొసలి కడుపులో సీసం

(రేడియో ప్రసంగ పాఠం)



హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, చూపించాల్సిన చోట్ల జాబితా ఒకటి రెడీగా ఉంటుంది. నాసా, మీనాక్షి గుడి, గాల్వెస్టన్ సముద్రం, ఆ తరవాత బ్రాజోస్ బెండ్ పార్కు. ఆ పార్కులో చెరువు గట్టు మీద నడుస్తుంటే పదడుగుల దూరంలో మొసలి పడుకుని ఉంటుంది. మా నాన్నగారు మొదటిసారి చూసినప్పుడు బిక్కచచ్చిపోయి, "కంచె లేదు, కాపలా లేదు, ఇదేం జూ రా బాబూ?" అన్నారు. "జూ కాదు నాన్నా, దాని ఇల్లే ఇది. మనమే చుట్టాలం" అన్నాను.

అదే చెరువులో మేము గాలం కూడా వేసేవాళ్ళం. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు ఇద్దరం శనివారం పొద్దున్నే వెళ్ళేవాళ్ళం. గాలం నీళ్ళలో మునగడానికి దారానికి చిన్న గుండు ఒకటి తగిలిస్తారు, సింకర్ అంటారు. దానికి ఒక చీలిక ఉంటుంది. దారం అందులో పెట్టి, పంటితో నొక్కి మూసేసేవాణ్ణి. ఎన్ని గుండ్లు అలా కొరికానో, ఎన్ని తెగి నీళ్ళలో పడిపోయాయో లెక్కలేదు.

మొన్న సెలవుల్లో అమ్మాయి ఇంటికొచ్చి, గరాజ్ సర్దుతూ ఆ పాత డబ్బా తీసింది. ఒక గుండు చేతిలోకి తీసుకుని, "నాన్నా, ఇది సీసం కదూ? దీన్నేనా నువ్వు నోట్లో పెట్టుకునేవాడివి?" అంది. సీసమే. జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న పట్టుకుని నాలుగు వారాలు చదివితే తేలిన కథ ఈవేళ మీకు చెబుతాను. నేను డాక్టర్నీ కాదు, జంతుశాస్త్రం చదివినవాణ్ణీ కాదు. చదివినదాన్ని మన మాటల్లో చెబుతాను, అంతే.

* * *

ముందు మొసలి సంగతి. మన తెలుగువాళ్ళకి మొసలి ఎలా పరిచయం? పోతనగారి గజేంద్రమోక్షం ద్వారా. కొండంత ఏనుగు మడుగులోకి దిగితే మొసలి కాలు పట్టేసింది. అక్కడ మనవాళ్ళు పట్టుకున్న నీతి ఏమిటంటే, స్థానబలం. నీళ్ళలో ఉన్నంతసేపూ మొసలికి ఎదురులేదు, గట్టెక్కిస్తే దాని ఆట కట్టు. చిన్నప్పుడు వేమన పద్యం బట్టీపట్టిన వాళ్ళెవరికైనా ఈ మాట తెలుసు.

నేను చెప్పబోయే కథలో ఆ స్థానబలమే తిరగబడుతుంది. బలం ఇచ్చిన నీళ్ళే విషం ఇవ్వడం మొదలుపెడితే ఏమవుతుంది? మొసలి ఎక్కడికి పోతుంది?

శాస్త్రజ్ఞులు ఎలిగేటర్ వేరు, క్రోకడైల్ వేరు, ఘరియాల్ వేరు అంటారు. నిజమే, వేర్వేరు కుటుంబాలు. మనకి మాత్రం అన్నీ మొసళ్ళే. ఈవేళ ముగ్గురూ వస్తారు: అమెరికా ఎలిగేటర్, చంబల్ నదిలో ఉండే పొడుగు మూతి ఘరియాల్, ఆఫ్రికాలోని నైలు మొసలి.

వీటన్నిటికీ ఒక విచిత్రమైన అలవాటుంది. రాళ్ళు మింగుతాయి. ఎందుకు మింగుతాయన్నది ఇంకా వాదనల్లోనే ఉంది. అరుగుదలకని కొందరు, నీళ్ళలో బరువు కోసమని కొందరు అంటారు. మింగిన రాళ్ళు మాత్రం కడుపులో చాలాకాలం ఉండిపోతాయి. కోడి కందనకాయ కోసినప్పుడు లోపల ఇసక, చిన్న రాళ్ళు కనపడతాయి చూడండి, అలాంటిదే. ఇక మొసలి కడుపులో యాసిడ్ ఎముకల్ని కూడా కరిగించేంత ఘాటైనది. అలాంటి కడుపులోకి రాయి బదులు సీసపు గుండు వెళ్ళిందనుకోండి. బయటికి రాదు. కొంచెం కొంచెంగా కరుగుతూ, ఏళ్ళ తరబడి రక్తంలోకి దిగుతూ ఉంటుంది.

సీసం మన ఒంటికి ఏ విధంగానూ అక్కర్లేని లోహం. ఇనుము కావాలి, జింకు కావాలి, రాగి కూడా రవ్వంత కావాలి. సీసం అణువంతైనా అక్కర్లేదు. పైగా శరీరం దాన్ని చూసి కాల్షియం అని పొరబడుతుంది. పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. మనిషైనా మొసలైనా ఇందులో తేడా లేదు. ఈ సంగతి ఎప్పుడో తెలిసినా, పెట్రోల్లోంచి సీసం తీసేయడానికి ప్రపంచానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. అమెరికా రోడ్ల మీద 1996లో పూర్తిగా ఆపేశారు. ఇండియాలో 2000లో, దక్షిణాఫ్రికాలో 2006లో. చిట్టచివరి దేశం అల్జీరియా, 2021లో.

భారలోహాలన్నీ ఒకే దారిలో రావు. పాదరసం సంగతి చూడండి. బొగ్గు కాల్చిన పొగలోంచి, చెత్త కాల్చిన పొగలోంచి గాలిలోకి వెళ్ళి, వానతో నీళ్ళలో పడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాని రూపం మార్చేస్తాయి. ఆ తరవాత చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి, పెద్ద చేపలోంచి మొసలిలోకి, మెట్టుమెట్టుకీ చిక్కబడుతూ పోతుంది. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్‌లో 1989లో చేపలు తినొద్దని హెచ్చరించాల్సి వచ్చింది ఇందుకే. అక్కడి ఎలిగేటర్లలోనూ పాదరసం దొరికింది. సీసం అలా మెట్లెక్కుతూ చిక్కబడేది కాదు. దాన్ని ఎవరో ఒకరు ముద్దగా తెచ్చి నోటికి అందించాలి. ఆ అందించే చెయ్యి ఎవరిదన్నదే ఇవాళ్టి కథ.

* * *

మొదటి ఘట్టం మనకి దగ్గరదే. హ్యూస్టన్ నుంచి తూర్పుకి కారులో రెండు గంటలు వెళితే లూసియానా వచ్చేస్తుంది.

ఎలిగేటర్లని ఒకప్పుడు తోలు కోసం విచ్చలవిడిగా చంపేశారు. 1967లో ప్రభుత్వం వాటిని అంతరించిపోతున్న జాతుల్లో చేర్చింది. రక్షణ దొరికింది, సంఖ్య పెరిగింది, 1987లో ఆ జాబితాలోంచి తీసేశారు. ఈలోగా లూసియానాలో పెంపకం కేంద్రాలు, ఫారాలు వచ్చాయి. పెంచాలంటే మేత కావాలి. మొసలికి మేతంటే మాంసం.

అదే రాష్ట్రంలో ఇంకో బెడద ఉండేది. న్యూట్రియా అని, మన పందికొక్కుకి పెద్దన్నలాంటి జంతువు. దక్షిణ అమెరికా నుంచి 1930లలో బొచ్చు వ్యాపారం కోసం తెచ్చారు. తరవాత బొచ్చుకి గిరాకీ పడిపోయింది. ఇవి మాత్రం ఇబ్బడిముబ్బడిగా పెరిగి, తీరం వెంబడి గడ్డినేలల్ని వేళ్ళతో సహా తినేశాయి. కాబట్టి కాల్చి చంపేవారు. చంపినదాన్ని పారేయడం ఎందుకు, మొసళ్ళకి పెడదాం అనుకున్నారు. ఒక్క దెబ్బకి రెండు సమస్యలూ తీరినట్టే. నేను అక్కడ ఉన్నా అదే సలహా ఇచ్చేవాణ్ణి.

తూటా సంగతి ఎవరికీ తట్టలేదు. తూటా సీసంతో చేసింది. మాంసంలో తగలగానే ముక్కచెక్కలవుతుంది. ఆ ముక్కలు మాంసంతో పాటే మేతలోకి వెళ్ళాయి. ఇలా న్యూట్రియా మాంసం తిన్న ఫారం ఎలిగేటర్లలో సీసం ఎక్కువగా ఉందని 1998లో ఒక పరిశోధనా పత్రం వచ్చింది. మళ్ళీ 2006లో మరొకటి. ఈసారి నిర్బంధంలో పెరిగిన ఎలిగేటర్ల గుంపు ఒకటి, ఎంతకీ సంతానం సరిగా నిలవడం లేదు. ఎందుకా అని పరీక్షిస్తే ఒంట్లో సీసం బయటపడింది. ఏళ్ళ తరబడి మేతతో పాటు లోపలికి వెళ్ళిన సీసం. సంతానం లేకపోవడానికి అది ఒక కారణం అయి ఉండవచ్చు అని ఆ పరిశోధకులు జాగ్రత్తగా రాశారు. "అయి ఉండవచ్చు" అన్న ఆ మాట గుర్తుపెట్టుకోండి, దానితో మళ్ళీ పనుంది.

నన్ను ఆపేసింది ఇక్కడే. అడవిలో ఉన్నవాటికి ప్రమాదం, మన చేతుల్లో ఉన్నవాటికి క్షేమం అనుకుంటాం. ఇక్కడ వేళకి తిండి పెట్టిన చెయ్యే విషం కూడా పెట్టింది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. మేత ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు గాని, ఆ జంతువు ఎలా చచ్చిందని అడగలేదు.

సుమారు ఆ రోజుల్లోనే, 2003లో, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల ప్రయోగం ఒకటి వెలువడింది. పిల్ల మొసళ్ళకి సీసపు గుళ్ళు మింగించి చూశారు. గుళ్ళు కడుపులోనే ఉండిపోయాయి. రక్తంలో సీసం పెరిగి, ఆ ఎత్తులోనే నిలబడిపోయింది. కాని మొసళ్ళు పైకి జబ్బుపడినట్టు కనిపించలేదు. మొసలి మొండిది అని అందరూ అనుకున్నారు.

* * *

రెండో ఘట్టం మన దేశంలోనే. ఇందులో సీసం మీద నేరం మోపారు, తరవాత కేసు వీగిపోయింది.

ఘరియాల్ మన ఉపఖండంలోనే ఉండే మొసలి. సన్నటి పొడుగు మూతి, ఆహారం చేపలే. 1970లలో మొత్తం లెక్కేస్తే 200 కూడా లేవన్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ తరఫున బస్టర్డ్ అనే నిపుణుడు వచ్చి సలహా ఇచ్చాడు. 1975లో మొసళ్ళ సంరక్షణ పథకం మొదలైంది. ఇందులో మన హైదరాబాదుకీ భాగం ఉంది. మొసళ్ళ పెంపకం నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 1980లో శిక్షణ సంస్థని హైదరాబాదులోనే పెట్టింది. పద్ధతి సులువైనదే. ఏటి ఒడ్డున ఇసకలోంచి గుడ్లు ఏరి తెచ్చి, పొదిగించి, పిల్లల్ని నాలుగడుగుల పొడుగు వచ్చేదాకా సాకి, నదిలో వదిలేయడం. లక్నో దగ్గర కుక్రైల్‌లో, మొరేనా దగ్గర దేవరీలో ఇలా సాకిన పిల్లల్ని చంబల్లో వదిలారు. కాబట్టి చంబల్ ఘరియాల్ పూర్తిగా అడవిది అనలేం, పూర్తిగా పెంపుడుది అనలేం. కొంత మనం పెంచి అత్తారింటికి పంపిన పిల్ల లాంటిది.

2007 డిసెంబరులో ఆ పిల్లల శవాలు తేలడం మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లో ఇటావా జిల్లా, చంబల్ వెళ్ళి యమునలో కలిసే చోటికి దగ్గర. చలికాలం ముగిసేలోగా నూరు దాటాయి. ప్రపంచంలో గుడ్లు పెట్టే వయసున్న ఘరియాళ్ళే 200 లోపున్న రోజులవి. దేశదేశాల నుంచి పశువైద్యులు పరుగెత్తుకొచ్చారు.

మొదట కోసి చూస్తే కాలేయం చెడిపోయిందన్నారు. తరవాత బరేలీలోని పశువైద్య పరిశోధనా సంస్థ పరీక్షల్లో సీసం, కాడ్మియం కనిపించాయి. పేపర్లలో హెడ్డింగులు వచ్చేశాయి, భారలోహాలు ఘరియాళ్ళని చంపుతున్నాయని. అనుమానంలో తప్పులేదు. కాడ్మియం పనే మూత్రపిండాల్ని దెబ్బతీయడం, చచ్చిన ఘరియాళ్ళ మూత్రపిండాలు నిజంగానే దెబ్బతిని ఉన్నాయి.

కాని లోతుగా వెళ్ళినకొద్దీ బొమ్మ మారింది. ఘరియాళ్ళ కీళ్ళ చుట్టూ, లోపలి అవయవాల మీద తెల్లగా సుద్దలాంటి పదార్థం పేరుకుని ఉంది. యూరిక్ యాసిడ్. అంటే గౌట్. మన పెద్దవాళ్ళకి బొటనవేలు వాచి నిద్రపట్టనివ్వదే, ఆ జబ్బే. మూత్రపిండాలు పనిచేయకపోతే ఈ యాసిడ్ బయటికి పోదు. పైగా అది చలికాలం, మొసలి ఒంట్లో అన్ని పనులూ నెమ్మదించే కాలం. మూత్రపిండాల్ని దెబ్బకొట్టిన విషమేదో ఉంది. యమున వైపునుంచి వచ్చిన చేపల్లో అది వచ్చి ఉంటుందని నిపుణుల అనుమానం. ఒక్క సీసం, కాడ్మియం వల్లే ఇన్ని చావులు వచ్చాయనడానికి మాత్రం ఆధారం చాల్లేదు. ఆ విషం ఏమిటో కచ్చితంగా తేలనేలేదు.

ఈ ఘట్టాన్ని నేను వదిలేసి ఉండవచ్చు. సీసం చెడ్డది అని చెప్పడానికి ఇది సాయపడదు. కాని వదిలితే మీకు సగం కథే చెప్పినట్టు. శవంలో ఒక లోహం దొరకడం వేరు, ఆ లోహమే చంపిందనడం వేరు. అందుకే లూసియానా వాళ్ళు "అయి ఉండవచ్చు" అని రాశారు. కోర్టులో అయినా అంతే కదా, సంఘటన జరిగిన చోట కనిపించినంత మాత్రాన హంతకుడు అనేయలేం. అలాగని ఆ మనిషి మంచివాడనీ అనలేం.

* * *

మూడో ఘట్టానికి దక్షిణాఫ్రికా వెళదాం.

దర్బన్ పేరు మన చరిత్రలో చిన్నదేం కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ అక్కడికి చేరింది. అలా మొదలై 1911 దాకా, చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు వేలమంది. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ దర్బన్ నుంచి తీరం వెంబడి ఉత్తరానికి 200 కిలోమీటర్లకు పైగా వెళితే సెయింట్ లూసియా సరస్సు. సముద్రం, నదులు కలిసే చోట పెద్ద ఉప్పునీటి మడుగు. 1895 నుంచి రక్షిత ప్రాంతం. 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నీటిగుర్రాలు, నైలు మొసళ్ళు, వీటితో పాటు గాలం పట్టుకొచ్చే సరదా జనం. దశాబ్దాలుగా అక్కడ చేపలవేట పెద్ద కాలక్షేపం.

2010 జులై నుంచి అక్టోబరు దాకా పరిశోధకులు అక్కడా, ఇంకా ఉత్తరాన ఉన్న ఎన్‌డూమో, కోసీ బే అనే మరో రెండు చోట్లా కలిపి 34 మొసళ్ళ రక్తం తీశారు. డెసిలీటరు రక్తంలో ఎన్ని మైక్రోగ్రాముల సీసం ఉందో చూశారు. మన పిల్లలకి చేసే రక్తపరీక్షలోనూ ఇదే కొలత. 34లో 18 మొసళ్ళకి 10 గాని, అంతకు పైన గాని వచ్చింది. సెయింట్ లూసియాలో ఒక మగ మొసలికి 960.

ఈ అంకె ఎంతటిదో చెబుతాను. అమెరికాలో పిల్లవాడికి 45 వస్తే ఒంట్లోంచి సీసం లాగేసే మందులు ఇస్తారు. 960తో ఆ మొసలి నీళ్ళలో ఈదుతోంది! అప్పటిదాకా స్వేచ్ఛగా తిరిగే వెన్నెముక ఉన్న ఏ జంతువులోనూ అంత సీసం నమోదు కాలేదు. సరస్సు అడుగున తెగిపడిన సింకర్లని రాళ్ళనుకుని మింగడమే ఇందుకు కారణమని పరిశోధకులు తేల్చారు. ఇంత ఉన్నా మొసళ్ళలో జబ్బు లక్షణాలేవీ కనిపించలేదని కూడా వాళ్ళే రాశారు. ఆస్ట్రేలియా పిల్ల మొసళ్ళ మాటే మళ్ళీ. అయితే ఒక హెచ్చరిక మాత్రం చేశారు. పెద్ద మొసలి తట్టుకున్నా, గుడ్డులో ఉన్న పిల్ల తట్టుకోకపోవచ్చు అని.

కథ ఇక్కడ ఆగిపోతే "మొసలికి ఏమీ కాదు" అని రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. కాని మళ్ళీ వెళ్ళారు. 2022లో రెండో నివేదిక వచ్చింది. ఈసారి సెయింట్ లూసియాలోనే 22 మొసళ్ళు. అన్నిటి రక్తంలోనూ సీసం ఉంది. అదే కొలతలో చెప్పాలంటే, తక్కువలో తక్కువ 8.6. ఎక్కువలో ఎక్కువ 1,310.

ఈసారి రక్తం చిక్కదనం, నోరు, పళ్ళు కూడా చూశారు. రక్తంలో ఎర్రకణాల వాటా ఆరోగ్యంగా ఉన్న మొసలిలో దాదాపు 20 శాతం ఉంటుంది. సీసం 600 దాటిన మొసళ్ళలో అది 11 శాతం లోపే, ఒకదానిలో 5 కూడా లేదు. అంత నీరుగారిన రక్తంతో మనిషైతే మంచం మీంచి లేవలేడు. ఇక పళ్ళు. మొసలికి పన్ను ఊడితే కొత్తది రావడం జీవితాంతం జరుగుతూనే ఉంటుంది. వీటికి మాత్రం పళ్ళు బాగా దెబ్బతిని, ఊడిపోయి ఉన్నాయి. మొసలికి పళ్ళు లేవంటే ఇంకేం మిగిలింది చెప్పండి? గజేంద్రుడి కాలు పట్టుకోవాల్సిన నోరు బోసినోరైపోయింది.

దీర్ఘకాలం సీసం ఎక్కితే మొసలికి రక్తహీనత, పళ్ళు పోవడం వస్తాయన్నది అంతకుముందు ఎవరూ గుర్తించని సంగతి. మొసలి మొండిది అన్న మాట అబద్ధం కాదు. కాని మొండితనం వేరు, ఆరోగ్యం వేరు. చావలేదు కాబట్టి బాగుందనుకున్నాం.

* * *

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా అమ్మాయి 2004లో పుట్టింది. అప్పట్లో మేము ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఈ దేశంలో ఇళ్ళ పెయింట్లో సీసం వాడకూడదని 1978లో నిషేధించారు. మా ఇల్లు అంతకంటే పాతది. కిటికీ అంచుల దగ్గర పెయింట్ పెచ్చులు రాలేవి, పిల్ల అక్కడే నిలబడి బయటికి చూసేది. ఏడాది నిండాక మామూలు పరీక్షల్లో భాగంగా రక్తంలో సీసం చూశారు. 6 వచ్చింది. అప్పటి హద్దు 10. డాక్టరుగారు కాగితం చూసి, "హద్దులోపే ఉంది, పరవాలేదు" అన్నారు. మేము ఇంటికొచ్చి సంతోషంగా అన్నం తిన్నాం. ఆయన తప్పేం లేదు, ఆ రోజుల లెక్క ప్రకారం సరిగ్గానే చెప్పారు.

2012లో ఆ హద్దుని 5కి దించారు. 2021లో 3.5కి దించారు. అంటే అదే పిల్ల, అదే రక్తం, అదే 6. ఇవాళ అయితే ఫోన్ చేసి, ఇల్లు చూపించుకోండి, మళ్ళీ పరీక్ష చేయించండి అనేవాళ్ళు. మారింది పిల్ల కాదు, మనకి తెలిసింది మారింది. పిల్లల విషయంలో సీసానికి ఇంతవరకు పరవాలేదు అనగలిగే హద్దే లేదని ఇప్పుడు వైద్యులు ఒప్పుకుంటున్నారు.

అమ్మాయి బాగానే ఉంది, బాగానే చదువుకుంది. ఈ మాట అంటున్నప్పుడు మాత్రం ఇప్పుడు నా గొంతు కొంచెం తడబడుతుంది. 2010లో ఆ మొసలిని చూసినవాళ్ళూ ఇదే అన్నారు కదా, పైకి ఏమీ కనిపించలేదని.

* * *

మరి చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. చరిత్రలో అలా చేసినవాళ్ళూ ఉన్నారు.

ఇంగ్లండులో థేమ్స్ నది మీద హంసలు ఒకప్పుడు వరసగా చచ్చిపోతుండేవి. కందనకాయలోకి ఇసక, చిన్న రాళ్ళు ఏరుకునే అలవాటే వాటి కొంప ముంచింది. రాళ్ళతో పాటు సింకర్లని ఏరుకుని మింగాయి. మొసలి కథే, పక్షి రూపంలో. 1987లో బ్రిటన్ చిన్న, మధ్యరకం సీసపు సింకర్ల అమ్మకాన్ని నిషేధించింది. ఆ తరవాత హంసల సంఖ్య మళ్ళీ పుంజుకుంది. ఇక్కడ అమెరికాలో నీటిపక్షుల వేటకి సీసపు గుళ్ళు వాడకూడదని 1991లో దేశమంతటా నియమం వచ్చింది. సింకర్ల సంగతి మాత్రం రాష్ట్రాలకే వదిలేశారు. న్యూ హాంప్‌షైర్ లాంటి కొన్ని రాష్ట్రాలు లూన్ పక్షుల కోసం నిషేధం పెట్టాయి.

పాదరసం పొగని ఆపాలంటే ప్రభుత్వాలు కదలాలి. యమునని బాగుచేయాలంటే తరాలు పట్టవచ్చు. సింకర్ మాత్రం మన చేతిలోది, మన డబ్బాలోది. దాని బదులు ఉక్కుతో, టంగ్‌స్టన్‌తో, తగరంతో చేసినవి దొరుకుతున్నాయి. తగరం అంటే పరాయిది కాదు, మన అమ్మమ్మలు చారు కాచే సత్తు గిన్నె లోహమే. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇండియా నుంచి కొత్త సత్తు గిన్నె తెచ్చుకునేవాళ్ళు అందులో సీసం కలవలేదని పరీక్ష చేయించుకుని వాడండి. పాత ఇళ్ళల్లో ఉంటున్నవాళ్ళు పిల్లల రక్తపరీక్ష తప్పించకండి. కాగితం మీద అంకె చూడండి, "పరవాలేదు" అన్న మాట ఒక్కటే వినేసి రాకండి.

మా డబ్బాలో గుండ్లన్నీ ఏరి ఒక సీసాలో పోశాం. చిన్న సీసాయే, కాని చేత్తో ఎత్తితే భలే బరువు. అమ్మాయీ నేనూ వెళ్ళి ఊళ్ళో ప్రమాదకరమైన చెత్త తీసుకునే కేంద్రంలో ఇచ్చేసి వచ్చాం. దార్లో అది అడిగింది, "మనం పోగొట్టుకున్నవి ఎన్ని ఉంటాయి నాన్నా, ఆ చెరువులో?" అని.

లెక్కలేదన్నాను. ఓ పాతికో, యాభయ్యో. అవి ఎక్కడికీ పోలేదు. సీసం కుళ్ళదు, మట్టిలో మట్టి అయిపోదు. ఆ చెరువు అడుగునే, రాళ్ళ మధ్య రాళ్ళలా ఉంటాయి. గట్టు మీద కళ్ళు సగం మూసుకుని ఎండ కాగుతూ పడుకునే ఆ పెద్దాయన, మా నాన్నగారిని భయపెట్టినాయన, ఎప్పుడో ఒకసారి రాయి కోసం అడుక్కి వెళతాడు. ఏది రాయో ఏది కాదో ఆయనకి తెలియదు.

ఈసారి బ్రాజోస్ బెండ్ వెళితే, గట్టు మీద తెగిన దారాలు, పడి ఉన్న గుండ్లు కనిపిస్తే ఏరి సంచీలో వేసుకు రండి. పిల్లల చేత ఏరించకండి, మీరే ఏరి చేతులు కడుక్కోండి. మేము వచ్చే శనివారం వెళుతున్నాం. గాలం లేకుండా, ఖాళీ సంచీతో.